గంగలో ఉన్నవాడి వాటా

మా పేట నుంచి బరంపురం జాతరకు వెళ్ళినవాళ్ళు నాకు ముందు లేకపోలేదు. వెళ్ళారు, వచ్చారు. "ఎలాగున్నాదిరా పట్నం" అని అడిగితే "పెద్దూరే" అని ఊరుకున్నారు. అంత దూరం రైలెక్కి వెళ్ళి, రెండు కళ్ళూ తెరుచుకుని తిరిగి, చెప్పడానికి ఆ ఒక్క మాటేనా వీళ్ళకు దొరికింది? నాకు ఒళ్ళు మండేది. అందుకే నేను వెళ్ళి వచ్చాక అడిగినవాళ్ళకూ చెప్పాను, అడగనివాళ్ళనూ కూర్చోబెట్టి చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మధ్యలో లేచి వెళ్ళకండి.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర గంగ ఒడ్డు పేట. సముద్రాన్ని మేము గంగ అంటాం. నా పేరు నారాయణమ్మ. మా ఆయన అప్పలస్వామి. ఆయన తమ్ముడు గున్నయ్య, గున్నయ్య పెళ్ళాం చిన్నతల్లి. నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే తెప్ప, మా తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే పొయ్యి. ఆ ఏడు దీపావళి ముందు గాలివానకు ఆ తెప్ప విరిగిపోయింది. మర్నాడు పొద్దున్న వేరేవాళ్ళు మా ఆయన్ని ఒక్కణ్ణే ఒడ్డుకు తెచ్చారు. ఒక దుంగను కావలించుకుని తేలుతుంటే చూశారట. చిన్నతల్లి పరుగెత్తుకుంటూ వచ్చి ఇసుకలో కూలబడి "బావా, ఆడేడి" అని అడిగింది. ఆయన నోరు తెరవలేదు. ఆ రోజు తెరవలేదు, ఆ తర్వాతా తెరవలేదు. పేట పెద్దలు వచ్చి అడిగారు. నేలచూపులు చూశాడు. పనికి వెళ్ళేవాడు, వల బాగుచేసేవాడు, పెడితే తినేవాడు. ఊఁ, ఊహూఁ, ఈ రెండింటితో నాతో సంసారం నెట్టుకొచ్చాడు.

అంతకుముందు అలాంటి మనిషి కాదు. మా వైపు వీధి భాగవతం ఆడేటప్పుడు వేషం జనాన్ని ఏదైనా అడిగితే జనంలోంచి ఒకరు పలుకు ఇవ్వాలి. "నా మొగుణ్ణి చూశారా" అని వేషం అడుగుతుంది. "సూసినాం, సంతలో ఇంకోదానికి గాజులు తొడిగిత్తన్నాడు" అని ఇక్కణ్ణుంచి ఎవరో అనాలి. పలుకు అందేదాకా వేషం కదలదు. ఎవరూ ఇవ్వకపోతే ఊరంతటికీ తలవంపులు. మా పేటలో ఆ పని మా ఆయనది. పక్క పేటలవాళ్ళు భాగవతం చూడటానికి కాదు, అప్పలస్వామి పలుకు వినడానికి వచ్చేవారు. అలాంటివాడు, ఆ మాఘమాసంలో భాగవతులు వస్తే ముందు వరసలో కూర్చుని, వేషం ఎదురుగా వచ్చి నిలబడి అడిగినా తల ఎత్తలేదు.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. మా పేటలో మగవాడు గంగ మీద ఉన్నప్పుడు ఇంట్లో ఏది వండినా ముందు అతని వాటా తీసి మూతపెట్టాలి. పిడికెడు అన్నమైనా, చేప తలకాయైనా సరే. ఆ వాటా ఇంట్లో ఇంకెవరూ ముట్టరు. తెల్లవారినా అతను రాకపోతే ఒడ్డుకు తీసుకెళ్ళి కాకులకు వేసి, మళ్ళీ కొత్తది తీస్తారు. శవం ఒడ్డుకు కొట్టుకువస్తే ఆ లెక్క వేరు. రాకపోతే, అతను పోవడం కళ్ళారా చూసినవాడు నలుగురిలో నోటితో చెప్పాలి. అంతవరకు వాటా ఆపకూడదు, ఆడదాని గాజులు తీయకూడదు, ఏడవనైనా కూడదు.

చిన్నతల్లి అలా వాటా తీస్తూనే ఉంది. మా కుండ పెద్దదేం కాదు. తన కంచంలోంచే అతనికి తీసేది. మనిషి సగమైంది. పేటలో పనిలేనివాళ్ళు "బర్మా రంగం ఎల్లే ఓడోలు ఎత్తుకునుంటారు, ఎప్పుడో వొచ్చేత్తాడు" అని ఒక ఆశ పెట్టారు. చిన్నతల్లి ఆ ఆశను పట్టుకుంది. మా వాళ్ళలో మారుమనువు ఉంది. దాని అన్న వచ్చి, వయసులో ఉన్న పిల్ల, తీసుకుపోతాను అన్నాడు. "నానొచ్చేత్తే ఆడి వాటా ఎవరు తీత్తారన్నయ్యా" అంది. అతను మా ఆయన వంక చూశాడు. నేనూ చూశాను. ఉన్నాడనో పోయాడనో ఒక్క మాట చెబితే ఆ పిల్లకు దారి తెలుస్తుంది కదా. ఆయన వల భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తిరిగి వచ్చాక నోటికొచ్చినట్టల్లా తిట్టాను. గోడను తిట్టినట్టే అయింది.

తిట్టి లాభం లేదని తెలిశాక ఇంకో ఎత్తు వేశాను. చైత్రంలో బరంపురం ఠాకురాణమ్మ జాతర, రెండేళ్ళకోసారి వస్తుంది. అక్కడ నాటకం కంపెనీ దిగిందనీ, రైలు జనం కోసం పగలు కూడా ఒక ఆట వేస్తున్నారనీ కొబ్బరితోట సన్యాసయ్య చెప్పాడు. ఆటంటే చెవికోసుకునే మనిషి కదా, ఆ సందడిలో పడితే నోటి గడియ ఊడుతుందేమోనని నా ఆశ. "ఠాకురాణమ్మకి మొక్కుకున్నాను, ముగ్గురం ఎల్లాల" అన్నాను. మొక్కూ లేదు గిక్కూ లేదు. మొక్కు అన్నాక కాదనడానికి ఏ మగవాడికి గుండె ఉంది? ఆయన ఊఁ అన్నాడు.

సన్యాసయ్య పలాస స్టేషనుకు కాయలు తోలుతుంటే ఆ బండిమీదే వెళ్ళాం. మాటకారి ఆ మనిషి. "అప్పలసావి మావా, పట్నం నాటకంలో నువ్వు గానీ పలుకిచ్చినావంటే తిరిగొచ్చినాక ఈ బండిమీదే ఊరేగిత్తాను" అని దారిపొడుగునా ఊరించాడు. మా ఆయన ఎద్దుల తోకలు చూస్తూ కూర్చున్నాడు.

రైలు సంగతి మొదలుపెడితే ఇక్కడే పొద్దుపోతుంది. మహేంద్రగిరి కొండ చాలా దూరం మమ్మల్ని వదల్లేదని మాత్రం చెబుతాను. ఇచ్ఛాపురం దాటాక పెట్టెలో సగంమంది ఒడియాలోకి దిగారు. నా పక్కనున్న ముసలమ్మ ఒడియాలో ఏదో అడిగితే నేను తెలుగులో ఏదో చెప్పాను, ఆమె మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ చెప్పాను. బరంపురంలో దిగేసరికి ఇద్దరం ఒకరి కష్టాలు ఒకరం పూర్తిగా చెప్పేసుకున్నాం. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా ఒళ్ళు తేలికపడింది.

ఇక పట్నం. పెద్దూరే అన్నవాళ్ళను తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టాలి. ఒక్కో వీధి ఒక్కో పెళ్ళిల్లు. గుమ్మాల పక్క గోడల మీద ఏనుగులు, చిలకలు, తామరపువ్వులు రాశారు. ఏనుగు కన్ను చూస్తే అది మనల్ని చూసి ఏదో అనబోతున్నట్టే ఉంది. వీధి మొగల్లో అరుగులు కట్టి మట్టి బొమ్మలు నిలబెట్టారు. ఇంటి కప్పును మించిన రాక్షసుడు ఒకడు, వాడి మీసం ఒక్కటే మా ఇంటి తలుపంత ఉంటుంది. వాడి కాళ్ళ దగ్గర గడ్డి మేస్తున్న మేకపిల్లను కూడా చేశారు. అంత రాక్షసుణ్ణి చేసిన చేతికి మేకపిల్ల మీద కూడా ఓపిక ఉందంటే నాకు భలే ముచ్చటేసింది.

అక్కడ మొక్కు తీర్చడమంటే కొబ్బరికాయ కొట్టడం ఒక్కటే కాదు, వేషం కట్టి వీధులు తిరగడం. దేవుళ్ళు తిరుగుతున్నారు, భూతాలు తిరుగుతున్నాయి, మీసాలున్న పెళ్ళికూతుళ్ళు తిరుగుతున్నారు. ఒళ్ళంతా పసుపు పూసి నల్లచారలు గీసుకున్న పులి ఒకడు డప్పులతో నా మీదికి వచ్చి గాండ్రించాడు. "ఏటిరా, మీ ఇంట్లో వొండనేదేటి" అన్నాను. పులికి తెలుగు వచ్చు. గాండ్రింపు మరిచిపోయి కిసుక్కున నవ్వేశాడు. చిన్నతల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. మా ఆయన వంక చూశాను. పులి కాళ్ళ చారలు చూస్తున్నాడు. పోనీలే, ఎద్దుల తోకల కంటే నయం అనుకున్నాను.

పట్టు నేసేవాళ్ళ వీధిలో ఒకాయన రోడ్డు మధ్యన గొంతుక్కూర్చుని నేలమీద బొమ్మ వేస్తున్నాడు. రంగు అంటే సీసాల్లో రంగు కాదు. ఇటుకపొడి, పసుపు, కొబ్బరిచిప్ప కాల్చిన మసి, ఎండిన ఆకుల పొడి, బియ్యప్పిండి. వేళ్ళ మధ్యనుంచి పొడి జారుతుంటే నెమలి లేచి వస్తోంది. ఒక్కో కన్నూ, ఒక్కో ఈకా. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేను ముగ్గుల్లో మా పేటకే గొప్పదాన్నని అంతవరకూ అనుకునేదాన్ని. ఇక ఆ మాట ఎక్కడా అనను.

చిన్నతల్లి అతని పక్కనే చతికిలబడింది. "సాయంత్రందాకా ఉంటాదా బాబూ" అని అడిగింది.

"ఉండదమ్మా. అమ్మవారి ఊరేగింపు వొత్తాది, తొక్కీత్తారు."

"ఇంత బాగా ఏసినావు, మనసెలాగొప్పుతాది?"

"పోయిందని తెలిత్తేనే గదమ్మా రేపు మళ్ళీ ఏత్తాను" అన్నాడు ఆయన చెయ్యి ఆపకుండానే.

చిన్నతల్లి జారుతున్న పొడినే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపు లేవలేదు. నేనే రెక్క పట్టుకుని లేపాను.

గుడికి వెళ్ళి, లేని మొక్కును కొబ్బరికాయతో తీర్చేసి, తిండి మీద పడ్డాం. ఓలమ్మ, ఆ తిండి. పేద్ద మూకుడులో పూరీ వేస్తే బుడగలా పొంగి అటూ ఇటూ దొర్లుతుంది. దానిమీదికి బంగాళాదుంపల కూర, జీలకర్ర వాసన ముక్కును లాగేస్తుంది. మినప వడలు, చిన్న బెల్లం ముక్క కలిపిన పచ్చడి. గోళీసోడా కొడితే కుర్రుమని చప్పుడు చేసి నా ముక్కులోంచి వచ్చింది. ఆ పక్కన పాలు విరగ్గొట్టి చేసిన తెల్లటి ఉండలు పాకంలో తేలుతున్నాయి. ఒకటి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చిన్నతల్లి తన ఉండను సగం చేసి ఆకులో చుడుతోంది.

పూరీ దగ్గరా అంతే చేసింది. వడ దగ్గరా అంతే. ఒక పెద్ద ఆకు పొట్లం కట్టి కొంగులో ముడేసుకుంది. జిలేబీ కొట్టు దగ్గర ఒకే ఒక చుట్ట కొనుక్కుని అది మొత్తం పొట్లంలో పెట్టేసింది.

"ఈ పూటైనా నువ్వు తినే" అన్నాను. నా గొంతు కాస్త గట్టిగానే లేచింది.

"ఆడికి జిలేబీ అంటే ఇట్టం అప్పా. పలాస ఎల్లినప్పుడల్లా తెచ్చీవోడు గదా."

కొట్టువాడు విని, "ఎవరికమ్మా, పిల్లలకా" అన్నాడు.

"మా ఇంటాయనకి" అంది చిన్నతల్లి. "గంగమీదున్నాడు."

మా ఆయన చేతిలో పూరీ ఉంది. దాన్ని ఆకులో పెట్టేసి లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. ఆ తర్వాత ఆ రోజు ఏమీ తినలేదు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంత రుచిగల తిండి ముందు పెట్టుకుని ఏడవడం దండగని కోపం వైపే ఉండిపోయాను.

నాటకం రేకుల కప్పు వేసిన పెద్ద కొట్టాంలో. గోనెపట్టాలు కట్టి వెలుతురు రాకుండా చేసి వేదిక ముందు దీపాలు పెట్టారు. నేల టిక్కెట్లు తీసుకున్నాం. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు, మధ్యన తాడు. మా ఆయన్ని తాడు పక్కనే కూర్చోబెట్టి ఇవతల నేను, నా పక్కన చిన్నతల్లి కూర్చున్నాం.

ముందు హార్మోనియం మోగింది. తెర చుట్టుకుంటూ పైకి పోయింది. లోపల తోట. గుడ్డ మీద రాసిన తోటేనట. గులాబీ మీద తుమ్మెదను కూడా రాశారు. రాసినవాడు ఎవరో గానీ ఆ చేతికి కడియం తొడగాలి. రాణి వచ్చింది. మగవాడే వేషం కట్టాడని పక్కావిడ చెబితే నేను ఒప్పుకోలేదు. ఆ నడక, చీర కుచ్చెళ్ళు సర్దుకునే తీరు, రాజు వస్తే ఓరగా చూసే చూపు. ఇన్నేళ్ళు ఆడదాన్నై ఉండి నాకు అవి రాలేదు. రాణి ముచ్చటపడి ముత్యం అడిగింది, దీవి నుంచి తెస్తానని రాజు ఓడెక్కాడు. అంతే కథ. ఇంత చిన్న కథకు వాళ్ళు పెట్టిన సొంపు చూడాలి, పాట పాడితే కొట్టాం రేకులు కూడా విన్నట్టే ఉన్నాయి.

తర్వాతి తెర లేచింది. గంగ.

మా గంగే. వెనకాల ఇద్దరు నీలం గుడ్డ పట్టుకుని ఊపుతున్నారని తర్వాత తెలిసింది. చూస్తున్నప్పుడు కెరటాలే. ఉప్పు వాసన ఒక్కటి తక్కువ. నాటకం ఉందని చెప్పిన సన్యాసయ్య అందులో గంగ ఉందని చెప్పలేదు. తాడు మీద మా ఆయన చెయ్యి ఉంది. వేళ్ళు బిగుసుకుని తెల్లబడ్డాయి. లేపుకుని బయటికి పోదామనుకున్నాను. అప్పటికే రాణి జుట్టు విరబోసుకుని ఒడ్డుకు వచ్చేసింది.

"ఓ గాలీ, నా రాజును చూచితివా? ఓ కెరటములారా, మీరైనను చూచితిరా?" అని అడిగింది. గాలి పలకలేదు, కెరటాలు పలకలేదు. అప్పుడు వేదిక అంచుదాకా వచ్చి చేతులు చాచింది. "అయ్యలారా, అమ్మలారా, ఇంతమందిలో నా రాజును చూచినవారు ఒక్కరైనను లేరా?"

అడిగి నిలబడింది.

ఒక్కరూ పలకలేదు. కళ్ళు ఒత్తుకుంటున్నారు, ముక్కులు చీదుతున్నారు, పలుకు మాత్రం ఇవ్వరు. ఇంత పట్నం, ఇంత చదువుకున్న జనం, ఆడది నిలబడి అడుగుతుంటే నోట్లో నాలుక లేదా వీళ్ళకు అని నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ టిక్కెట్టు కొన్నవాళ్ళు మాట్లాడరని నాకేం తెలుసు? నేనే ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను.

"సూసినానమ్మా."

నా గొంతు కాదు. తాడు పట్టుకుని మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు.

జనమంతా వెనక్కి తిరిగారు. "కూర్చో, కూర్చో" అని ఎవరో అరిచారు. గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని ఉన్నవాడు ఇటు రాబోయాడు. రాణి చెయ్యెత్తి వాణ్ణి ఆపింది.

"ఎక్కడ చూచితివి నాయనా?" అంది. గొంతులో నాటకం అలాగే ఉంది. కళ్ళు మాత్రం మా ఆయన్ని వదల్లేదు.

"గంగమీద. తెప్ప ఇరిగిపోనాది. ఒక్క దుంగే మిగిలింది. ఇద్దరం ఒట్టుకుంటే మునిగిపోతంది. నువ్వొట్టుకో అన్నయ్యా, నాకు ఈతొచ్చును అన్నాడు. నాకూ ఈతొచ్చును. అది ఆడికి తెలుసు."

"తరువాత?"

"సెయ్యెత్తి ఊపినాడు. ఓ కెరటం వొచ్చింది. కెరటం ఎల్లిపోనాక సెయ్యి నేదు. పిలిసినాను. తెల్లారిందాకా పిలిసినాను. ఆడు పలకనేదు."

హార్మోనియం ఎప్పుడో ఆగిపోయింది. రాణి చాచిన చేతులు దించింది. తర్వాత నెమ్మదిగా, "ఇక నా రాజు రాడా నాయనా" అని అడిగింది.

మా ఆయన వేదిక వైపు నుంచి ఇటు తిరిగాడు. తాడు మీదుగా, నా మీదుగా, చిన్నతల్లి ముఖంలోకి చూశాడు.

"రాడు తల్లీ. ఇంక ఎదురుసూడకు."

అని కూర్చున్నాడు. రాణి వంగి రెండు చేతులూ జోడించి ఆయనకు నమస్కారం పెట్టింది. ఇదీ నాటకంలో భాగమే అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. "ఆ పల్లెటూరాయన వేషం ఎంత బాగా కట్టాడే" అని నా వెనకాల ఒకావిడ అంది. నేను తిరిగి ఒక్క చూపు చూశాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాత రంగంలో ఏమైందో తెలుసా? రాజు తిరిగి వచ్చేశాడు. ముత్యం పట్టుకుని, తడవని బట్టలతో, నవ్వుతూ. జనం లేచి కేకలు వేశారు. ఆ కంపెనీవాళ్ళను నాలుగు దులపాలనిపించింది నాకు. భయంభయంగా చిన్నతల్లి వంక చూశాను. అది వేదికనే చూస్తోంది.

"ఆళ్ళ రాజు వొచ్చినాడప్పా" అంది.

"వొచ్చినాడే."

"మంచిదే. ఆ రాణి గుంట ఏడుత్తాంటే సూళ్ళేకపోనాను."

అని, నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. దీపావళి ముందు ఏడవాల్సిన ఏడుపు. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

బయటికి వచ్చేసరికి కొట్టాం పక్కన ఒకతను మాకోసం నిలబడి ఉన్నాడు. ముఖాన సగం రంగు, తలకు జుట్టు లేదు, ఒంటికి రాణి చీరే. మా ఆయన చేతులు పట్టుకున్నాడు. "మాది బొబ్బిలి దగ్గర పల్లె. సిన్నప్పుడు మా ఊళ్ళో కూడా పలుకిచ్చీవోలు. ఇన్నేళ్ళ నుంచీ ఈ పట్నాల్లో అడుగుతున్నాను, ఒక్కడూ పలకడు" అన్నాడు. మా ఆయన అతని భుజం తట్టాడు.

స్టేషనుకు ఆ పట్టునేతవాళ్ళ వీధిలోంచే వచ్చాం. ఊరేగింపు వెళ్ళిపోయింది. నెమలి లేదు. రోడ్డంతా ఎరుపూ పసుపూ కలిసిపోయి, నడిచేవాళ్ళ కాళ్ళకు అంటుకుని నాలుగు వైపులా పోతోంది. చిన్నతల్లి ఆగి చూసి, మళ్ళీ నడిచింది.

రైలు రావడానికి ఇంకా సమయం ఉంది, ఎండ కూడా పూర్తిగా పోలేదు. బల్ల మీద కూర్చున్నాం. "ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు మావా" అని అడిగాను. తిట్టినట్టు కాదు, మామూలుగానే అడిగాను.

"ఆడిచ్చిన దుంగమీద బతికొచ్చినాను" అన్నాడు. "ఏ నోటితో సెప్పేదే? సెప్తే ఈ గుంట నా మొగం సూత్తాదా?"

చిన్నతల్లి కొంగు ముడి విప్పింది. ఆకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. పూరీ మెత్తబడిపోయింది, వడ నలిగింది, జిలేబీ పాకం అన్నిటికీ అంటింది. దాన్ని చూస్తూ కూర్చుంది. ఆ వాటాను ఇంట్లోవాళ్ళు ముట్టకూడదని చెప్పాను కదా. నాకు ఏం అనాలో తోచలేదు. నాకు తోచకపోవడమంటే మామూలు సంగతి కాదు.

అది జిలేబీ విరిచి సగం తన నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలి మింగింది. మిగతా సగం మా ఆయన ముందు పట్టింది.

"తిను బావా. పొద్దుట్నుంచీ తిన్నేదు నువ్వు."

ఆయన ఆ ముక్క వంక చూశాడు గానీ చెయ్యి చాచలేదు. "అది ఆడిదే" అన్నాడు.

"ఆడు దుంగే ఇచ్చీసినాడు నీకు" అంది చిన్నతల్లి. "జిలేబీ ఇవ్వడా?"

ఆయన అందుకుని తిన్నాడు. తింటూ పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పక్క బల్ల మీదివాళ్ళు చూస్తున్నారని కూడా లేదు. ముగ్గురం ఆ పొట్లం మొత్తం తినేశాం. చల్లారిన పూరీ అంత రుచిగా ఉంటుందని నాకు తెలియదు.

రైలెక్కాక మొదలుపెట్టాడు మా ఆయన. గున్నయ్య చిన్నప్పుడు మొదటిసారి తెప్పెక్కి వాంతి చేసుకున్నది, పెళ్ళినాడు తలపాగా గాలికి గంగలో పడితే దూకి తెచ్చుకున్నది, పలాసలో జిలేబీ కొట్టువాడితో పోట్లాట పెట్టుకున్నది. ఇచ్ఛాపురం, సోంపేట, మందస, స్టేషన్లు పోతున్నాయి గానీ నోరు ఆగదు. మధ్యమధ్య చిన్నతల్లి "అది కాదు బావా, ఇలగ" అని సర్దుతోంది. ఇక కాసేపు నోరు మూయవయ్యా అనాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పలాసలో సన్యాసయ్య బండి కట్టి, "ఎలాగున్నాది మావా పట్నం" అని అడిగాడు. మా ఆయన పులి దగ్గర మొదలుపెట్టాడు, పేట వచ్చేసరికి ఇంకా రాణి నడక దగ్గరే ఉన్నాడు.

మర్నాడు అన్నం నేను వార్చాను. అలవాటుగా వాటా పెట్టే నాలుగో కంచం అందుకోబోతే చిన్నతల్లి నా చెయ్యి పట్టుకుంది. దాన్ని తనే తీసుకుని, తోమి, తుడిచి, బోర్లించి అటకమీద పెట్టింది. వచ్చి కూర్చుని, "ఇంకొంచెం ఎయ్యప్పా" అని తన కంచం ముందుకు జరిపింది.